లైవ్ ప్యానెల్ దగ్గర పనికి 40 క్యాలరీల సూటు ఉంటే సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే 415 వోల్టుల ఎంసీసీ ప్యానెల్, అంటే మోటార్లకి సప్లై పంచే ప్యానెల్. అప్పుడప్పుడు తలుపు తీసి లైవ్‌లోనే వోల్టేజీ చూడాలి, ఒక్కోసారి వేడెక్కిన లగ్గు (కేబుల్ చివర బోల్టుతో బిగించే ముక్క) బిగించాలి. ఇన్నాళ్లూ 11 కేవీ రబ్బరు గ్లోవ్స్, కింద రబ్బరు మ్యాట్, నెత్తిన హెల్మెట్‌తో పని లాగించేశారు. ఈమధ్య పక్క సెక్షన్‌లో ప్యానెల్ ఫ్లాష్ అయ్యాక మేనేజర్ గారు 40 క్యాలరీల ఆర్క్ సూటు (గాలిలోంచి కరెంటు దూకినప్పుడు పుట్టే వేడినుంచి కాపాడేది) కొంటామన్నారు. అది వచ్చాక లైవ్‌లో ధైర్యంగా పని చేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. గ్లోవ్స్ సంగతీ అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. లగ్గు బిగించడానికైతే ఏ సూటు ఉన్నా లైవ్‌లో చేయి పెట్టొద్దు, షట్‌డౌన్ తీసుకోండి. వోల్టేజీ చూడడం లాంటి పనికి సూటు వేసుకుని వెళ్లొచ్చు. కానీ ఎన్ని క్యాలరీల సూటు అన్నది ఆ ప్యానెల్ దగ్గర ఆర్క్ ఎనర్జీ ఎంత అన్న లెక్క తేలితేనే తెలుస్తుంది. మీ ఇన్‌కమర్ బ్రేకర్ (ప్యానెల్‌కి సప్లై వచ్చే మెయిన్ బ్రేకర్) సెట్టింగ్‌ను బట్టి 8 క్యాలరీల సూటే చాలు అని తేలొచ్చు, 40 కూడా చాలదు అని తేలొచ్చు. కాబట్టి కొటేషన్ తెప్పించేముందు ఆ బ్రేకర్ సెట్టింగ్ ఎంతుందో తెలుసుకోండి.

ఎందుకలా అంటున్నానో చెప్తాను. ఈ విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

షాక్ వేరు, ఆర్క్ వేరు. షాక్ కొట్టాలంటే లైవ్ భాగాన్ని మనం తాకాలి. ఆర్క్‌కి మనం ఏమీ తాకనక్కర్లేదు. రెండు ఫేజుల మధ్య వాషర్ పడినా, బల్లి దూరినా, స్పానర్ జారినా, తేమా దుమ్మూ పట్టిన ఇన్సులేటర్ మీద కరెంటు పాకినా గాలే కండక్టర్ అయిపోతుంది. ఆర్క్ మధ్యలో ఉష్ణోగ్రత సుమారు 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. రాగి ఆవిరైతే దాని ఘనపరిమాణం దాదాపు 67,000 రెట్లు పెరుగుతుంది. ఆ పేలుడులో కరిగిన లోహపు తుంపరలు, వెలుగు, చప్పుడు, ఒత్తిడి అన్నీ తలుపు తీసి ఉన్న వైపుకే, అంటే మీ ముఖం మీదికే వస్తాయి. రబ్బరు మ్యాట్ మీ కాళ్ల కింద ఉండి ఇందులో ఒక్కదాన్ని కూడా ఆపదు. మ్యాట్, రబ్బరు గ్లోవ్స్ షాక్ కోసం చేసినవి. ఆర్క్ వేడి వల్ల కలిగే కాలిన గాయాలను ప్రత్యేక ప్రమాదంగా తీసుకుని లెక్క కట్టే పద్ధతి 1982లో రాల్ఫ్ లీ రాసిన పేపర్‌తో గట్టిగా మొదలైంది. అంతకుముందు నుంచే మ్యాట్, గ్లోవ్స్ అలవాటు ఉంది కాబట్టి చాలాచోట్ల ఆలోచన అక్కడే ఆగిపోయింది.

ఇక క్యాలరీల సంగతి. చర్మం మీద ఒక చదరపు సెంటీమీటరుకి ఎన్ని క్యాలరీల వేడి పడుతుందన్నదే ఇక్కడ కొలత. బట్ట లేని చర్మం మీద 1.2 క్యాలరీలు పడితే రెండో డిగ్రీ కాలిన గాయం, అంటే బొబ్బలెక్కే గాయం మొదలవుతుంది. ఎంత దూరంలో ఎనర్జీ 1.2కి దిగుతుందో ఆ దూరాన్నే ఆర్క్ ఫ్లాష్ బౌండరీ అంటారు. అమెరికా వాళ్ల విద్యుత్ భద్రతా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 70ఈ పీపీఈని, అంటే ఒంటిమీద వేసుకునే రక్షణ సామగ్రిని, నాలుగు కేటగిరీలు చేసింది: 4, 8, 25, 40 క్యాలరీలు. మీ మేనేజర్ గారు చెప్పిన 40 ఆ చివరి కేటగిరీ. "పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుంది కదా" అన్నది ఆయన ఆలోచన అయ్యుంటుంది. అది ఎందుకు కుదరదో లెక్క చూస్తే తెలుస్తుంది.

మీ ట్రాన్స్‌ఫార్మర్ 1000 కేవీఏ, 415 వోల్టులు. ఫుల్ లోడ్ కరెంటు 1391 ఆంపియర్లు. ఇంపీడెన్స్, అంటే ఫాల్ట్ కరెంటుకి ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే అడ్డు, 5 శాతం అనుకుందాం (నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది, చూసి సరిచేసుకోండి). సెకండరీ టెర్మినళ్ల దగ్గర మూడు ఫేజులూ నేరుగా షార్ట్ అయితే 27.8 కిలో ఆంపియర్లు. ప్యానెల్ దాకా కేబుల్ ఉంటే కొంచెం తగ్గుతుంది, దాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం. మీ స్విచ్‌గేర్ వాళ్లు 35 కేఏ (కిలో ఆంపియర్ల) బ్రేకర్ ఇచ్చి ఉంటారు, ఈ ఫాల్ట్‌కి సరిపోతుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు.

కానీ ఆర్క్ అంటే నేరుగా షార్ట్ కాదు. మధ్యలో గాలి ఉంది, దానికి నిరోధం ఉంది. 415 వోల్టుల దగ్గర ఆర్క్ కరెంటు షార్ట్ కరెంటులో దాదాపు సగమే ఉంటుంది. ఆర్క్ ఎనర్జీ లెక్కకట్టే ప్రమాణం ఐఈఈఈ 1584 పాత 2002 సమీకరణాల్లో 25 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టి చూస్తే 13.7 కిలో ఆంపియర్లు వచ్చింది.

ఇప్పుడు బ్రేకర్‌కి వద్దాం. మీది 1600 ఆంపియర్ల ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) అయ్యుంటుందని అనుకుంటున్నాను. ఇన్‌స్టంటేనియస్, అంటే ఎంత కరెంటు దాటితే వెంటనే పడాలన్న సెట్టింగ్, 10 రెట్ల మీద పెట్టారనుకోండి, అంటే 16,000 ఆంపియర్లు. నేరుగా షార్ట్ అయితే 27.8 కేఏ కాబట్టి టక్కున పడిపోతుంది. ఆర్క్ అయితే 13.7 కేఏ. బ్రేకర్ దృష్టిలో అది ఇన్‌స్టంటేనియస్ పరిధిలోకే రాదు! షార్ట్ టైమ్ డిలే (కావాలని పెట్టే కొద్దిపాటి ఆలస్యం) ఎంత పెడితే అంతసేపు, అదీ లేకపోతే ఓవర్‌లోడ్ కర్వ్ మీద తీరిగ్గా ట్రిప్ అవుతుంది. అదే సెట్టింగ్ 6 రెట్లు, అంటే 9,600 మీద ఉంటే అదే ఆర్క్‌కి అదే బ్రేకర్ వెంటనే తెగుతుంది.

తేడా ఎంతో చూడండి. ప్యానెల్ ముందు నిలబడి పని చేసేవాడి ముఖం, ఛాతీ ఆర్క్‌కి 455 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయని లెక్కేస్తారు. ఆ దూరంలో, ఇదే ప్యానెల్‌కి:

0.03 సెకన్లలో తెగితే సుమారు 1.4 క్యాలరీలు.
0.1 సెకనులో తెగితే 4.7.
0.3 సెకన్లు పడితే 14.
2 సెకన్లు పడితే 94.

ట్రాన్స్‌ఫార్మర్ అదే, ప్యానెల్ అదే, వోల్టేజీ అదే. మారింది సమయం ఒక్కటే. మిమ్మల్ని ఎంత కాల్చాలో నిర్ణయించేది బ్రేకర్ ఎంతసేపట్లో తెరుచుకుంటుందన్నది. సూటు దాని తర్వాతి సంగతి. 2 సెకన్లు అని ఎందుకు రాశానంటే, ఎదురుగా అడ్డం లేకపోతే ఆలోపు మనిషి వెనక్కి తప్పుకుంటాడని లెక్కల్లో గరిష్ఠంగా అంతే తీసుకుంటారు. కానీ కేబుల్ ట్రెంచి పక్కన, రెండు ప్యానెళ్ల సందులో, నిచ్చెన మీద ఉన్నవాడు తప్పుకోలేడు. అక్కడ ఆ 2 సెకన్లను కూడా నమ్మొద్దు.

ఈ అంకెలు దారి చూపించడానికి మాత్రమే, లేబుల్ మీద అచ్చేయడానికి కాదు. 2018లో వచ్చిన కొత్త ఐఈఈఈ 1584 బస్‌బార్లు (ప్యానెల్ లోపల కరెంటు మోసే లోహపు పట్టీలు) నిలువుగా ఉన్నాయా, చివర అడ్డుగోడ ఉందా, మనవైపుకి చూస్తూ అడ్డంగా ఉన్నాయా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మనవైపుకి చూసే బస్‌బార్లయితే ఆర్క్ నేరుగా మనమీదికి ఊదుతుంది, ఎనర్జీ పెరుగుతుంది. మీ ప్లాంటుకి సరైన స్టడీ చేయించండి.

నేను స్టడీలో పాలుపంచుకున్న ఒక ప్లాంటులో సరిగ్గా ఈ సెట్టింగ్ గొడవే చూశాను. ఒక పెద్ద మోటారు స్టార్ట్ చేసినప్పుడల్లా ఇన్‌కమర్ పడిపోతోందని ఎవరో ఎప్పుడో ఇన్‌స్టంటేనియస్ డయల్‌ని చివరిదాకా తిప్పేశారు. మోటారు హాయిగా స్టార్ట్ అయింది, ఫిర్యాదులు ఆగాయి, రిజిస్టర్‌లో ఒక్క ముక్క రాయలేదు. ప్యానెల్ తలుపు మీద మాత్రం పాత సెట్టింగ్‌కి లెక్కేసిన లేబుల్ అలాగే ఉంది. దాన్ని నమ్మి 8 క్యాలరీల షర్టు వేసుకున్నవాడు నిజానికి అంతకు రెట్టింపు పైన ఎనర్జీ ముందు నిలబడుతున్నాడు. ఆ తర్వాత మోటారుకి సాఫ్ట్ స్టార్టర్ (మోటారుని మెల్లగా స్టార్ట్ చేసేది) పెట్టారు, డయల్ వెనక్కి తిప్పారు. అందుకే ఏ ప్యానెల్ దగ్గరికి వెళ్లినా లేబుల్ తర్వాత చదువుతాను, డయల్ ముందు చూస్తాను.

ఎన్ఎఫ్‌పీఏ 70ఈలో లెక్క చేయకుండా టేబుల్ చూసి కేటగిరీ ఎంచుకునే దారి కూడా ఉంది. చాలామంది ఆ టేబుల్‌లో "600 వోల్టుల ఎంసీసీ, కేటగిరీ 2" అన్న వరస చూసి పుస్తకం మూసేస్తారు. ఆ వరసలోనే షరతు ఉంది: ఫాల్ట్ కరెంటు 65 కేఏ మించకూడదు, బ్రేకర్ 0.03 సెకన్లలోపు తెగాలి, దూరం 455 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. అదే ఎంసీసీ 0.33 సెకన్లలో తెగేదైతే 42 కేఏ వరకు కేటగిరీ 4. ఆ రెండిటికీ మించితే టేబుల్ వాడడానికి లేదు, లెక్క కట్టాల్సిందే.

ఇంకొకటి, ఇది మీకు ముఖ్యం. ఇన్‌కమర్ అరని (సప్లై లోపలికి వచ్చే అర) ఫీడర్ అరతో (ఒక్కో మోటారుకి సప్లై వెళ్లే అర) సమానంగా చూడకండి. ఫీడర్ అరలో ఆర్క్ వస్తే పైన ఇన్‌కమర్ ఏసీబీ కాపాడుతుంది. ఇన్‌కమర్ బ్రేకర్ లైన్ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కేబుళ్లు బిగించిన చోట ఆర్క్ వస్తే ఆ బ్రేకర్ ఏమీ చేయలేదు, ఫాల్ట్ దానికి వెనకాల ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపున ఉన్న ఫ్యూజో రిలేనో తెంచాలి. 415 వైపు 13.7 కేఏ ఆర్క్ వెలుగుతుంటే 11 కేవీ వైపు కనిపించేది 520 ఆంపియర్లు మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ అక్కడ 52. పది రెట్లకి ఆ ఫ్యూజు ఎంతసేపట్లో తెగుతుందో దాని కర్వ్ తీసి చూడండి, చాలాసార్లు మనకు నచ్చని సమాధానం వస్తుంది. అందుకే ఇన్‌కమర్ అర తలుపు తీయాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌నే హెచ్‌టీ వైపు, అంటే 11 కేవీ వైపు ఆపించమంటాను. "మెయిన్ ఆఫ్ చేశాం సార్, ప్యానెల్ డెడ్" అన్న మాట వినగానే "మెయిన్ పై టెర్మినళ్లు?" అని అడగడం అలవాటు చేసుకోండి. అవి లైవే.

సరే, ఎనర్జీ ఎంతో తెలిసింది. సూటు దాకా వెళ్లేముందు దాన్ని తగ్గించే దారులు ఉన్నాయి, వాటిలో కొన్నిటికి పెద్దగా ఖర్చే లేదు. ఇన్‌స్టంటేనియస్ సెట్టింగ్‌ని ఆర్క్ కరెంటు కంటే కిందికి తేవడం మొదటిది. కింది బ్రేకర్లతో డిస్క్రిమినేషన్ (ఫాల్ట్‌కి దగ్గరి బ్రేకరే ముందు పడే క్రమం) చెడకుండా, మోటారు స్టార్టింగ్‌కి పడిపోకుండా ఎంతవరకు తగ్గించొచ్చో ప్రొటెక్షన్ చూసే ఇంజినీరుతో కూర్చుని తేల్చుకోవాలి, సొంతంగా తిప్పేయొద్దు. రెండోది మెయింటెనెన్స్ మోడ్: కొత్త ఎలక్ట్రానిక్ ట్రిప్ యూనిట్లలో ఒక స్విచ్ ఉంటుంది, పని జరుగుతున్నంతసేపు డిలేలు తీసేసి బ్రేకర్‌ని వెంటనే పడేలా చేస్తుంది. పని అయ్యాక వెనక్కి మార్చడం మర్చిపోతే రేపు చిన్న ఫాల్ట్‌కి ప్లాంటు మొత్తం ఆగుతుంది, అందుకే పర్మిట్‌లో (పని అనుమతి పత్రంలో) దానికొక గడి పెట్టండి. మూడోది ఆర్క్ రిలే. ప్యానెల్ లోపల పెట్టిన లైట్ సెన్సార్లు ఆర్క్ వెలుగు చూడగానే కొన్ని మిల్లీసెకన్లలో ట్రిప్ ఆదేశం ఇస్తాయి. మిగిలేది బ్రేకర్ తెరుచుకునే సమయమే.

దూరం ఇంకో ఆయుధం. దూరం రెట్టింపైతే ఎనర్జీ దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. బ్రేకర్‌ని ర్యాక్ ఇన్, ర్యాక్ ఔట్ చేసేటప్పుడు (లోపలికి తోసి, బయటికి లాగేటప్పుడు) మనిషి దాన్ని కౌగిలించుకున్నట్టే నిలబడతాడు. కాంటాక్టులు సరిగా కూర్చోకపోతే ఆర్క్ వచ్చేది కూడా అప్పుడే. రిమోట్ ర్యాకింగ్ మోటారు పెట్టగలిగితే పెట్టండి. లేదంటే కనీసం తలుపు మూసి ర్యాకింగ్ చేసే వీలున్న బ్రేకర్‌ని తలుపు తీసి ర్యాక్ చేయకండి. లగ్గులు వేడెక్కుతున్నాయేమో అన్న అనుమానానికి తలుపు తీయనక్కర్లేదు. ప్యానెల్‌కి ఇన్‌ఫ్రారెడ్ విండో పెట్టించి థర్మల్ కెమెరాతో బయటినుంచే చూసి, వేడి ఉన్న లగ్గుని షట్‌డౌన్‌లో టార్క్ రెంచితో బిగించండి.

మీరు లైవ్‌లో బిగిస్తున్న ఆ లగ్గు గురించి రెండు ముక్కలు. వేడెక్కిన లగ్గు బోల్టు వదులై ఉంటుంది, కొన్నిసార్లు దారం కూడా పోయి ఉంటుంది. స్పానర్ ఆనించగానే అది ఊడి లోడ్ కరెంటు మోస్తున్న కేబుల్ విడిపోతే, ఆ విడిపోవడమే ఆర్క్. ఇన్సులేటెడ్ స్పానర్ దాన్ని ఆపలేదు. ప్రొడక్షన్ ఆగదన్న ఒత్తిడి నాకు తెలుసు. కానీ ఆ ఫీడర్ ఒక్కటే ఆపినా బస్‌బార్ లైవ్‌గా ఉన్న అరలో పని చేయడం షట్‌డౌన్ కింద లెక్కకి రాదు, అరలో లైవ్ భాగాలన్నిటికీ ష్రౌడ్ (ఇన్సులేటింగ్ మూత) ఉందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు షట్‌డౌన్ తీసుకున్నారనుకుందాం. ఇక్కడ చాలామంది పీపీఈ విప్పేస్తారు. డెడ్ అని మీటర్‌తో రుజువయ్యేదాకా అది లైవ్ ప్యానెలే, సూటు ఒంటి మీదే ఉండాలి. ముందు మీటర్‌ని తెలిసిన లైవ్ సప్లై మీద చూడండి, తర్వాత ప్యానెల్‌లో ఫేజుకి ఫేజుకి, ఫేజుకి ఎర్త్‌కి, ఫేజుకి న్యూట్రల్‌కి చూడండి, మళ్లీ లైవ్ సప్లై మీద చూసి మీటర్ చావలేదని నిర్ధారించుకోండి. నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి డెడ్ అనడం రుజువు కాదు. లాక్, ట్యాగ్ వేశాక, తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి.

ఇలా ఒకచోట ఎంసీసీ అంతా ఆపి, లాక్ చేసి, ఫేజులన్నీ చూసి డెడ్ అని రాసుకున్నాక, నాతో ఉన్న ఎలక్ట్రీషియన్ అర మూలలో ఉన్న చిన్న టెర్మినల్ బ్లాక్ మీద కూడా ప్రోబ్ ఆనించాడు. 240 చూపించింది. ప్యానెల్ లోపల తేమ పట్టకుండా పెట్టిన హీటర్‌కి సప్లై ఆ ప్యానెల్‌ది కాదు, లైటింగ్ డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి విడిగా వస్తోంది. డ్రాయింగ్‌లో లేదు. ఆ వైరు రంగు కూడా పక్కనున్న కంట్రోల్ వైర్లలాగే ఉంది. అప్పటినుంచి నా చెక్‌లిస్టులో హీటర్, అలారం సప్లై, ఇంకో ప్యానెల్ నుంచి వచ్చే ఇంటర్‌లాక్ అన్నవి విడిగా ఒక వరస. డీజీ (డీజిల్ జనరేటర్), యూపీఎస్, సోలార్ నుంచి వెనక్కి వచ్చే సప్లై సంగతి చెప్పక్కర్లేదు. కెపాసిటర్ ప్యానెల్ అయితే, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) అయితే ఆపాక దాని మీద రాసి ఉన్నంతసేపు ఆగి, డీసీ వోల్టేజీ కూడా చూడాలి.

మీటర్ గురించి ఒక మాట. నేను చూసిన ఆర్క్ ఘటనల్లో ఒకటి మీటర్‌తోనే మొదలైంది. అంతకుముందు ఎవరో కరెంటు కొలిచి ఎర్ర లీడ్‌ని ఆంపియర్ సాకెట్‌లోనే వదిలేశారు. తర్వాత వచ్చినవాడు అదే మీటర్‌తో రెండు ఫేజుల మధ్య వోల్టేజీ చూశాడు. ఆంపియర్ సాకెట్ అంటే దాదాపు షార్టే కదా. లోపల ఉన్నది మామూలు గాజు ఫ్యూజు, పగిలిపోయింది. ప్రోబ్ కొనల దగ్గర మెరుపు పుట్టి చేతి మీద జుట్టంతా మాడింది. బ్రేకర్ వెంటనే పడింది కాబట్టి అంతటితో పోయింది. ఎంసీసీ దగ్గర కనీసం క్యాట్ 3 (మీటర్ మీద రాసి ఉండే భద్రతా కేటగిరీ), 600 వోల్టుల మీటర్, ఇన్‌కమర్ దగ్గర క్యాట్ 4 వాడండి. లోపలి ఫ్యూజు తయారీదారు చెప్పిన హెచ్ఆర్‌సీదే (పెద్ద ఫాల్ట్ కరెంటుని పగలకుండా తెంచేది) ఉండాలి. ప్రోబ్ కొన 4 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ బయట పడి ఉండకూడదు, పొడుగు కొన రెండు బార్లకి ఒకేసారి తగులుతుంది.

ఇక పీపీఈ. లెక్క వచ్చాక కొనేటప్పుడు చూడాల్సినవి.

సూటు మీద ఏటీపీవీ అని ఒక అంకె ఉంటుంది. అంత ఎనర్జీ పడితే బట్ట వెనక చర్మం రెండో డిగ్రీ కాలిపోయే అవకాశం సగానికి సగం అని దాని అర్థం. అంటే లెక్కలో 8 వస్తే 8 సూటు కొనడం బొమ్మా బొరుసా వేసుకోవడమే. పైన కొంచెం ఊపిరి ఆడేలా 12 దాకా వెళ్లండి. కొన్ని సూట్ల మీద క్యాలరీలు కాకుండా ఏపీసీ 1 లేదా ఏపీసీ 2 అని ఉంటుంది. అది ఐఈసీ 61482లోని ఇంకో పరీక్ష, 4 కేఏ, 7 కేఏ ఆర్క్‌లతో పెట్టెలో చేసేది. దాన్ని నేరుగా క్యాలరీల్లోకి మార్చుకోవద్దు.

మరి అన్నిటికీ 40 కొనేస్తే? వేసుకుని ఒక పది నిమిషాలు ప్యానెల్ ముందు నిలబడి చూడండి. బరువు, వేడి, హుడ్ లోపల ఆవిరి, ముదురు రంగు విండోలోంచి టెర్మినల్ నంబర్ కనపడదు. కనపడనివాడు ముందుకి వంగుతాడు, లేదా హుడ్ కొంచెం పైకెత్తుతాడు. అప్పుడు అది టోపీ పెట్టుకున్నట్టే. 6 క్యాలరీల పనికి 12 క్యాలరీల షర్టు, ప్యాంటు, బాలక్లావా (తలా మెడా కప్పే ముసుగు), ఆర్క్ రేటెడ్ ఫేస్‌షీల్డ్ ఉంటే మనిషి దాన్ని రోజూ వేసుకుంటాడు. 40 సూటు బీరువాలో ఉంటుంది. నన్నడిగితే రోజువారీ యూనిఫారమే ఆర్క్ రేటెడ్ బట్టతో కుట్టించి, పెద్ద సూటు ఒకటో రెండో ఆ కొద్ది పనుల కోసం విడిగా ఉంచమంటాను. హుడ్ కొంటే లోపల ఫ్యాన్, పైన లైటు ఉన్నది కొనండి, ఆ ఖర్చు వృథా కాదు.

ఫేస్‌షీల్డ్ అంటే గ్రైండింగ్‌కి వాడే పారదర్శక షీల్డ్ కాదు. ఆర్క్ రేటెడ్ అని, ఎన్ని క్యాలరీలో దాని మీదే రాసి ఉండాలి. షీల్డ్ ముందువైపే కాపాడుతుంది, వేడి గాలి చెవుల పక్కనుంచి, గడ్డం కిందినుంచి చుట్టుకొస్తుంది కాబట్టి కింద బాలక్లావా కావాలి. షీల్డ్ లోపల సేఫ్టీ గ్లాసెస్, చెవుల్లోకి దూరే ఇయర్‌ప్లగ్స్ కూడా.

లోపలి బట్టలు. పాలిస్టర్ బనియన్, నైలాన్ సాక్సు, ఎలాస్టిక్ ఎక్కువున్న లోదుస్తులు వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. డాక్టర్లకి కాలిన చర్మం కంటే దానికంటుకున్న ప్లాస్టిక్ తీయడమే పెద్ద పని. లోపల నూలు బట్టలే వేసుకోండి. ఇదంతా చెప్పాక కూడా సూటు పైన మామూలు రిఫ్లెక్టివ్ జాకెట్ తగిలించుకుని వచ్చేవాళ్లని చూస్తుంటాను, సేఫ్టీ వాళ్లు గేటు దగ్గర అడుగుతారని. అది పాలిస్టర్. మెడలో ఐడీ కార్డు తాడు నైలాన్. రెండూ తీసి పక్కన పెట్టండి, ఉంగరం, వాచీ, చైను కూడా.

గ్లోవ్స్ సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. 415 వోల్టులకి 11 కేవీ గ్లోవ్స్ వేసుకుంటే ఎక్కువ భద్రత అని అనుకుంటారు. అంత మందం గ్లోవ్‌తో చిన్న స్క్రూ పట్టు దొరకదు. పట్టు దొరక్క జారిన స్క్రూడ్రైవరే ఆర్క్ తెస్తుంది. 1000 వోల్టుల దాకా పనికొచ్చే క్లాస్ 0 రబ్బరు గ్లోవ్స్, పైన తోలు ప్రొటెక్టర్ చాలు. రబ్బరు షాక్ ఆపుతుంది, తోలు రబ్బరుని చిరగకుండా, ఆర్క్ వేడి తగలకుండా కాపాడుతుంది. రోజూ వేసుకునేముందు కఫ్ వైపునుంచి చుట్టుకుంటూ వెళ్లి లోపలి గాలిని వేళ్లలోకి బిగించి, చెంప దగ్గర పెట్టుకుని వినండి. చిన్న చిల్లున్నా గాలి తగులుతుంది. వాడుతున్న వాటిని ఆరు నెలలకోసారి వోల్టేజీ పరీక్షకి పంపాలి, తేదీ ముద్ర గ్లోవ్ మీదే ఉండాలి. స్పానర్ల కింద మడిచి టూల్‌బాక్స్‌లో కుక్కిన గ్లోవ్‌కి ఏ ముద్ర ఉన్నా నేను చేయి పెట్టను.

సూటు ఉతకడం కూడా లెక్కే. బ్లీచ్, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, గంజి వాడొద్దు. నూనె, గ్రీజు మరకలు పడ్డ సూటు మండుతుంది. చిరిగితే మామూలు దారంతో కుట్టొద్దు, ఆ దారం కరుగుతుంది.

పక్కన నిలబడేవాళ్లని మర్చిపోకండి. ప్యానెల్ ముందున్నవాడు సూటులో ఉంటాడు, వెనకనుంచి టార్చి పట్టుకున్న హెల్పర్ అర చేతుల చొక్కాలో ఉంటాడు. బౌండరీ లోపల ఎవరున్నా వాళ్లకీ అదే పీపీఈ. లేదంటే బౌండరీ బయట రిబ్బన్ కట్టి అక్కడే ఆపేయండి. టార్చికి మనిషెందుకు, మాగ్నెట్ లైటు పెట్టుకోండి.

పని అయ్యాక ఛార్జ్ చేసే క్షణం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ లోపల స్పానర్ మర్చిపోయినా, ఎర్తింగ్ తాడు తీయకపోయినా బయటపడేది అప్పుడే. టూల్స్ లెక్కపెట్టుకుని, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూసి, తలుపు బోల్టులన్నీ బిగించి, అప్పుడు ఆన్ చేయండి. రెండు బోల్టులు పెట్టి మిగతావి రేపు అనొద్దు. తలుపు మూసి ఉంది కదా అని కూడా భరోసా వద్దు. ఐఈసీ 61641 ప్రకారం ఆర్క్ పరీక్ష చేసిన ప్యానెల్ కాకపోతే ఆ రేకు తలుపు ఊడి మీదికే రావచ్చు. రిమోట్ పుష్‌బటన్ ఉంటే అక్కడినుంచి, లేకపోతే తలుపుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడి, ముఖం తిప్పుకుని ఆన్ చేయండి.

సూటు ఏం చేయలేదో కూడా చెప్పాలి. అది వేడిని ఆపుతుంది. పేలుడు ఒత్తిడికి మనిషి ఎగిరి వెనకగోడకి కొట్టుకోవడాన్ని, విరిగి దూసుకొచ్చే ముక్కల్ని ఆపదు. అందుకే మీ ఇన్‌కమర్ దగ్గర 40 దాటి వచ్చిందంటే 65 క్యాలరీల సూటు వెతకడం పరిష్కారం కాదు, ఆ ఎనర్జీ దిగేదాకా అక్కడ లైవ్‌లో ఎవరినీ తలుపు తీయనివ్వకండి.

మీ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్, ఇన్‌కమర్ ట్రిప్ యూనిట్ డయళ్లు, హెచ్‌టీ వైపు ఫ్యూజు రేటింగ్, ఈ మూడూ ఫొటోలు తీసి పెట్టండి. డయళ్ల ఫొటో తలుపు తీయకుండా బయటినుంచి కనిపిస్తేనే తీయండి, లేదంటే వచ్చే షట్‌డౌన్ దాకా ఆగండి. అవి చూస్తే మీ ఫీడర్ అరలకి, ఇన్‌కమర్ అరకి విడివిడిగా ఏ స్థాయి ఎనర్జీ రావచ్చో ఒక అంచనా చెప్పగలను. సూటు ఆర్డర్ అప్పటిదాకా ఆపమనండి.